వావిలాకు ఉప్పు

అనగనగా ఒక సముద్రం. సముద్రం ఒడ్డున ఒక కోట. ఆ కోటను కుంజరవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. కోటకు దిగువన మడులపాలెం అనే ఊరు ఉండేది. ఊరికీ కోటకూ మధ్య ఒకటే దారి. అది ఉప్పు మడుల గట్ల మీదుగా పోయేది.

ఊళ్ళో అందరిదీ ఒకటే పని. సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టాలి. ఎండకు వదలాలి. తేలిన ఉప్పును గీకి కుప్ప పోయాలి. ఎండ ఉన్నన్నాళ్ళూ తిండి, వానలొస్తే పస్తు.

ఆ ఊరి ఆడవాళ్ళకు మరొక పని కూడా తెలుసు. అది స్నానపు ఉప్పు చేయడం. వావిలాకు, వేపపువ్వు, వట్టివేళ్ళు నీడలో ఆరబెట్టేవారు. ఎండ తగలనిచ్చేవారు కాదు, పొయ్యి సెగ తగలనిచ్చేవారు కాదు. రాళ్ళ ఉప్పును మంగలంలో పోసి, చిటపటలు ఆగేదాకా వేయించి, చల్లారనిచ్చేవారు. ఆకు అరచేతిలో నలిగి పొడి అయ్యాక రెండూ కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టేవారు. ఆ ఉప్పు వేసిన వేడినీళ్ళు పోసుకుంటే బాలింతల ఒళ్ళు నొప్పులు తీసేసినట్టు పోయేవి.

దానికొక కట్టుబాటు ఉండేది. ఆ ఉప్పును అమ్మకూడదు. పురుడు వచ్చిన ఇంటికి కానుకగానే ఇవ్వాలి. ఇచ్చేముందు, చేసిన మనిషి దానితో తాను స్నానం చేయాలి. మర్నాటిదాకా ఆగి, తన ఒంటికి ఏ హానీ లేదని చూసుకున్నాకే ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఎంత తొందరైనా సరే, ఈ ఒక్క పని ఎవరూ మానేవారు కాదు.

ఆ ఊళ్ళో నాంచారి అనే ఇల్లాలు ఉండేది. స్నానపు ఉప్పు చేయడంలో ఆమె చేయి మంచిదని పేరు. కాని ఆ ఏడు ఆమె ఇంట్లో నవ్వు లేదు. ఆమె భర్త గవరయ్య కోట చెరసాలలో ఉన్నాడు.

ఎండాకాలంలో ఒక రాజభటుడు, పండిన ఉప్పు మడిలోకి గుర్రాన్ని తోలాడు. పైకి తేలిన ఉప్పంతా గిట్టల కింద బురదలో కలిసింది. గవరయ్య అతణ్ణి గుర్రం మీది నుంచి లాగి కొట్టాడు. రాజభటుణ్ణి కొట్టిన నేరానికి చెర పడింది. ఆ చెర సముద్రం వైపు గోడలో ఉంటుంది. అలలు పెద్దవైనప్పుడు నీళ్ళు లోపలికి వస్తాయి. గవరయ్యకు దగ్గు పట్టుకుంది. చూసొచ్చిన వాళ్ళు నాంచారి మొహం చూసి మాట మార్చేవారు.

అత్త పోలమ్మ మాత్రం రోజూ గుమ్మంలో కూర్చుని గట్టు వైపు చూసేది.

వానలు మొదలయ్యాయి. అప్పుడు కోట నుంచి దండోరా వేశారు.

"రాజుగారి కూతురు మగబిడ్డను కన్నది! పురిటి స్నానానికి సొంత చేతులతో చేసిన కానుకలు తేవచ్చు! అమ్మాయిగారు మెచ్చిన కానుక ఎవరిదైతే వాళ్ళు ఒక కోరిక కోరుకోవచ్చు!"

ఊరంతా పనిలో పడింది. ఒకరు తాటాకు విసనకర్ర అల్లారు. ఒకరు గవ్వలు గుచ్చి బిడ్డకు మొలతాడు కట్టారు. ఒకరు పాత చీరలు పొరలు వేసి బొంత కుట్టారు.

పోలమ్మ కోడలి చేయి పట్టుకుంది. "నీ ఉప్పు ముందు ఇవన్నీ ఏపాటివే? చెయ్యి. నా కొడుకును తెచ్చుకుందాం."

నాంచారి వావిలాకు కోసి నీడలో పరిచింది. కాని బయట వాన, లోపల చెమ్మ. ఆకు ఆరలేదు. తెల్లవారి చూస్తే మెత్తగానే ఉంది, మర్నాడు చూసినా మెత్తగానే ఉంది. పురిటి స్నానం దగ్గర పడుతోంది. చెరలో దగ్గు ఆగడం లేదు.

నాంచారి ఆకును పొయ్యి పైనున్న అటక మీదికి ఎక్కించింది. అది మొదటి తప్పు.

ఆకు ఆరింది. కాని పొగ వాసన పట్టింది. అదే సమయానికి పడవల మీద సరుకు తిప్పే అత్తరు వర్తకుడొకడు వాన తగ్గేదాకా ఆ ఊళ్ళో దిగి ఉన్నాడు. నాంచారి కుండ మూత తీసి మొహం చిట్లించడం చూశాడు.

"ఏమమ్మా, పొగా? దానికెందుకు దిగులు? ఈ తైలం నాలుగు చుక్కలు వెయ్యి. పొగ కాదు, శవం వాసనైనా పోతుంది!" అని నవ్వాడు.

"నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు బాబూ."

"ఇవ్వొద్దు. కోటలో మెప్పు వస్తే నా పేరు ఒక్కమాట చెప్పు. చాలు."

నాంచారి ఉప్పును మంగలంలోకి వంపి ఆ తైలం కలిపి, మళ్ళీ కుండలో పోసింది. అది రెండో తప్పు.

ఇక ఆ ఉప్పుతో తాను స్నానం చేయాలి. కాని స్నానం చేసి, మర్నాటిదాకా ఆగితే పురిటి స్నానం దాటిపోతుంది. పైగా కుండ నిండుగా ఉంది. గుప్పెడు తీస్తే వెలితి కనిపిస్తుంది. "ఇన్నేళ్ళుగా చేస్తున్నాను. నా చేతి ఉప్పు ఎవరినేం చేస్తుంది?" అనుకుంది. కుండ మూతికి గుడ్డ కట్టి కోటకు బయల్దేరింది. అది మూడో తప్పు. మొదటి రెండు తప్పులనూ పట్టి ఇచ్చేది ఆ స్నానమే. దాన్నే ఆమె మానేసింది.

కోటలో అమ్మాయిగారు కానుకలన్నీ చూసింది. నాంచారి కుండకు గుడ్డ విప్పగానే గదంతా గుప్పుమంది. అమ్మాయిగారు కళ్ళు మూసుకుని, "ఇదే" అంది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

నాంచారి నేల మీద పడి, "చెరలో ఉన్న మా ఇంటాయన్ని విడిపించండి ప్రభూ" అంది.

"బారసాల నాడు విడుస్తాను. ఇది నా మాట."

ఆమె గట్ల మీద పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం పోలమ్మ కొడుకు పడుకునే మంచానికి కొత్త నులక అల్లడం మొదలుపెట్టింది.

పురిటి స్నానం అయిన మర్నాడు కోట నుంచి కబురు వచ్చింది. అమ్మాయిగారి ఒళ్ళంతా బొబ్బలెక్కింది. పక్కలో బిడ్డను పెట్టుకోలేక ఏడుస్తోంది.

తప్పు ఎవరిదని రాజు అడిగాడు. అంత చక్కని వాసన వచ్చిన ఉప్పును ఎవరూ అనుమానించలేదు. నీళ్ళు పోసిన మంత్రసాని రాగమ్మను పట్టుకున్నారు. రాగమ్మ ముసలిది. ఆ చుట్టుపక్కల సగంమంది పిల్లలు ఆమె చేతుల్లో పడి పుట్టినవాళ్ళే.

"మోచేత్తో చూసుకునే పోశాను బాబూ! వేడి ఎక్కువ లేదు బాబూ!" అని ఆమె మొత్తుకుంది.

రాజు కోపంలో ఉన్నాడు. "బారసాల నాడు ఆ నీళ్ళు పోసిన చేతిని నరకండి" అన్నాడు.

కబురు విన్న నాంచారి లోపలికి వెళ్ళింది. తైలం కలిపిన మంగలం అడుగున ఆ ఉప్పు కాస్త అంటుకుని ఉంది. దాన్ని వేడినీళ్ళలో వేసి తన ఎడమ చేయి కడుక్కుంది. తెల్లవారేసరికి చేయంతా బొబ్బలు.

ఇక ఆమెకు తెలియనిది ఏమీ లేదు. చెబితే మొగుడు రాడు. చెప్పకపోతే ముసలిదాని చేయి పోతుంది.

ముందు వర్తకుడి దగ్గరికి వెళ్ళింది. చేయి చూపింది. వాడి నవ్వు ఆరిపోయింది. సరుకంతా గబగబా మూటగట్టడం మొదలుపెట్టాడు.

"కోటలో నా పేరు చెప్పమన్నాను కదా? ఇప్పుడు చెప్పొద్దంటున్నాను. నీ పేరూ చెప్పకు. నిన్నెవరు అడిగారు? అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళను లోకం పిచ్చివాళ్ళంటుంది." ఆ పూటే పడవెక్కి వెళ్ళిపోయాడు.

తరువాత అత్తకు చెప్పింది. పోలమ్మ నులక అల్లుతూ విన్నది. చేతులు ఆగలేదు.

"నీకు ఆ ముసలిది ఎక్కువా, నా కొడుకు ఎక్కువా?"

"అది కాదు అత్తా..."

"అదే. ఇంకేం కాదు. నోరు తెరిచావంటే ఈ గుమ్మంలోకి నువ్వు రావొద్దు."

చివరికి నాంచారి చెరసాలకు వెళ్ళింది. గోడలో చిన్న ఊచల కిటికీ ఉంది. అవతల గవరయ్య మోకాళ్ళ దాకా తడిసిన పంచెతో నిలబడి ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

"బారసాల ఎప్పుడే? అమ్మ బాగుందా?" అన్నాడు. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

నాంచారి చేతికి కట్టిన గుడ్డ విప్పింది. జరిగిందంతా చెప్పింది.

గవరయ్య ఊచలు గట్టిగా పట్టుకున్నాడు. ఒకప్పుడు అన్యాయం చూసి గుర్రం మీది మనిషిని లాగి కొట్టినవాడు అతను. భార్య మొహంలోకి చూడకుండా అన్నాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"వర్తకుడితో, అత్తతో."

"ఇంకెవరితోనూ అనకు."

"రాగమ్మ చెయ్యి నరుకుతారు."

"ముసలిది. ఆ చేత్తో ఇంకెంతకాలం పని చేస్తుంది?"

"నువ్వు పుట్టినప్పుడు నిన్ను పట్టుకున్న చెయ్యి అది."

"తెలుసే!" అని అతను ఏడ్చాడు. "తెలిసే అంటున్నాను. ఇక్కడ ఇంకొన్నాళ్ళుంటే నేను బతకను నాంచారీ. నన్ను బయటికి తియ్యి. ముందు నన్ను బయటికి తియ్యి. తరువాత ఏ నిజమైనా చెప్పుకో."

నాంచారి కిటికీలోంచి చేయి పెట్టి అతని తల నిమిరింది. అతను ఆ చేతిని పట్టుకుని, "చెప్పవు కదూ? చెప్పవు కదూ?" అంటూనే ఉన్నాడు. కాపలావాడు వచ్చి పొమ్మన్నాడు.

బారసాల వచ్చింది. కోట ముందు పందిరి వేశారు. ఒక పక్క ఉయ్యాల, ఒక పక్క కొయ్య మొద్దు. రాగమ్మను తెచ్చి మొద్దు దగ్గర కూర్చోబెట్టారు. ఆమె తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో నిమురుతోంది.

నాంచారి జనంలో కూర్చుని ఆ చేతినే చూస్తోంది. ఇంకొక్క గడియ ఊరుకుంటే చాలు, ఊరుకున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. చెరసాల తలుపు తీస్తారు. ఆమె లేచి నిలబడింది. గుడ్డ విప్పిన చేయి పైకెత్తింది.

"ప్రభూ, తప్పు నీళ్ళది కాదు. ఉప్పుది. చేసింది నేను."

ఆమె అంతా చెప్పింది. ఆకు పొయ్యి మీద ఆరబెట్టిన సంగతి, తైలం సంగతి, స్నానం మానిన సంగతి.

"ఆ తైలం ఎవడిచ్చాడు?" అన్నాడు రాజు.

"ఇచ్చింది ఒక వర్తకుడు. వాడు వెళ్ళిపోయాడు. అయినా కలిపింది నేనే."

రాజు రాగమ్మ వైపు, నాంచారి చేతి వైపు చూశాడు.

"నిజం చెప్పావు. అందుకని నీ చేయి నీకుంటుంది. ముసలిదాని చేయి ముసలిదానికుంటుంది. కాని నేను మాట ఇచ్చింది కానుకకు. నువ్వు తెచ్చింది కానుక కాదు. మళ్ళీ చెయ్యి. కట్టుబాటు ప్రకారం చేసి తే. అప్పుడు నా మాట నిలబెట్టుకుంటాను."

రాగమ్మను వదిలారు. ఆమె కర్ర ఊతంగా నాంచారి దగ్గరికి వచ్చింది. దీవిస్తుందనుకున్నారు అందరూ.

"ముందే చెప్పలేకపోయావటే?" అంది రాగమ్మ. "ఇన్నాళ్ళూ ఈ చేతిని చూసుకుని చూసుకుని చచ్చాను." అలా అని వెళ్ళిపోయింది.

నాంచారి ఇంటికి వచ్చేసరికి ఆమె చీరలు, మంగలం, కుండలు గుమ్మం బయట ఉన్నాయి. ఆమె వాటిని వసారా చివర ఉప్పు పోసుకునే పాకలోకి చేర్చుకుంది. అక్కడే పొయ్యి పెట్టుకుంది.

మళ్ళీ వావిలాకు కోసింది. పాకలో నీడన పరిచింది. వాన కురుస్తూనే ఉంది. ఆకుకు బూజు పట్టింది. గొయ్యి తీసి పూడ్చేసింది.

రెండోసారి కోసింది. రోజూ ఒక్కొక్క ఆకూ తిరగేసింది. ఇంకొంచెం ఆరితే చాలనగా తుపాను వచ్చి పాక కప్పు ఎగిరిపోయింది. ఆకంతా తడిసి ముద్దయింది. పోలమ్మ వసారాలో నుంచి చూస్తూ ఉంది. ఆ వానల్లో కోడలితో మొదటిసారి మాట్లాడింది.

"పొయ్యి మీద పెట్టవే. నీ కాళ్ళు పట్టుకుంటాను. తైలం వద్దు, ఏమీ వద్దు. ఒక్క సెగ చూపించు. ఎవరికి తెలుస్తుంది?"

నాంచారి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "నాకు తెలుస్తుంది అత్తా" అంది. ముద్దయిన ఆకును పారబోసింది.

"రాతి గుండె" అంది పోలమ్మ. తలుపు వేసుకుంది.

మడుల దారి నీట మునిగింది. కోటకు వెళ్ళేవారు లేరు, వచ్చేవారు లేరు. గాలి అటు నుంచి వీచినప్పుడు నాంచారి చెవి పెట్టి వినేది. అలల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

మూడోసారి కోసిన ఆకు ఆరింది. వానలు వెనకబట్టాయి. అరచేతిలో నలిపితే పొడి రాలింది. ఉప్పు చిటపటలు ఆగేదాకా వేయించింది. చల్లార్చింది. కలిపింది. ఆ ఉప్పుతో నిండా స్నానం చేసింది. మర్నాటిదాకా కూర్చుంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. కుండ నెత్తిన పెట్టుకుని, వాననీళ్ళు తీసిన గట్టు మీదుగా కోటకు వెళ్ళింది.

అమ్మాయిగారు భయపడింది. నాంచారి అక్కడికక్కడే నీళ్ళు తెప్పించుకుని, ఉప్పు వేసి, అందరూ చూస్తుండగా తన మొహం, చేతులు కడుక్కుంది. అప్పుడు రాజు ఆ కుండను తన చేతులతో అందుకున్నాడు.

"ఇది కానుక. నా మాట నిలబెట్టుకుంటున్నాను. గవరయ్యను తీసుకురండి."

చెరసాల అధికారి కదల్లేదు. తల దించుకున్నాడు.

"ప్రభూ, ఆ మనిషి తుపాను నాడే పోయాడు. దారి మునిగింది. కబురు పంపలేకపోయాం. సముద్రం ఒడ్డునే పాతిపెట్టాం."

నాంచారి ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా కొంత బలం కావాలి. ఆమె నేల వైపు చూస్తూ నిలబడింది.

రాజు సింహాసనం మీది నుంచి దిగి వచ్చాడు. "అమ్మా, పోయినవాణ్ణి నేను తేలేను. కాని నా మాట ఇంకా నా దగ్గరే ఉంది. బంగారం కోరు, భూమి కోరు, ఏదైనా కోరు."

ఆమె తలెత్తింది. "ఆయన ఉన్న గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నాడొకడు" అన్నాడు అధికారి.

"అతనికీ దగ్గుందా?"

"ఈమధ్యే మొదలైంది."

"అతణ్ణి వదలండి" అంది నాంచారి.

రాజు అతని నేరమేమిటని అడిగాడు. చిన్నదే. తలుపు తీయమన్నాడు.

కోట గుమ్మం దగ్గర ఒక బక్కచిక్కిన మనిషి వెలుతురుకు కళ్ళు చిట్లిస్తూ బయటికి వచ్చాడు. అక్కడ నిలబడి ఉన్న ఆడమనిషిని చూసి ఆగాడు.

"అమ్మా, నన్నెవరో విడిపించారట. ఎవరో తెలుసా? దణ్ణం పెట్టుకుని పోతాను."

ఆ ఊరి ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. ఎంత కష్టమొచ్చినా, ఎవరడిగినా పలకరు.

"గవరయ్య" అంది నాంచారి.

"ఏ ఊరమ్మా ఆయనది?"

"మడులపాలెం."

అతను సముద్రం వైపు తిరిగి, ఊరెటుందో తెలియక, ఊరికే గాల్లోకి దణ్ణం పెట్టాడు. తన దారిన తాను వెళ్ళిపోయాడు. నాంచారి మడుల గట్టు మీదుగా ఊరి దారి పట్టింది. గుమ్మంలో కూర్చున్న ముసలితల్లికి ఆమె ఇంకొక నిజం చెప్పవలసి ఉంది.

పిల్లలూ, తప్పు ఒప్పుకుంటే తప్పు పోతుంది గాని దాని వల్ల జరిగిన నష్టం పోదు. అయినా ఒప్పుకోవలసిందే, ఎందుకంటే ఒప్పుకోని తప్పుకు నష్టపోయేది ఇంకొకరు.